ప్రశాంతతకు ఆధారములు జతపరచవలెను

చింతలగరువు పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న సోమలింగానికి దేవుడు పది వేళ్ళిచ్చాడు గానీ, ఆఫీసువాళ్ళు వాడుకునేది మాత్రం కుడిచేతి బొటనవేలు ఒక్కదాన్నే. ఆ వేలితో అతను తెల్లారి లేచింది మొదలు మంచం ఎక్కేదాకా ఫోనులో "నోటెడ్ సార్" అని కొడుతూ ఉంటాడు. పక్కనే చేతులు జోడించిన బొమ్మ కూడా పెడతాడు. బొమ్మ పెట్టకపోతే మనస్ఫూర్తిగా నోట్ చేసుకోలేదని లెక్క.

ఆ ఆఫీసులో గ్రూపులకి కొదవ లేదు. పన్నుల గ్రూపు, కుళాయిల గ్రూపు, దోమల గ్రూపు, వీధికుక్కల గ్రూపు, ఈ గ్రూపుల్లో చెప్పినవి జరుగుతున్నాయో లేదో చూసే గ్రూపు, అది సరిగ్గా చూస్తోందో లేదో చూసే ఇంకో గ్రూపు. కమిషనర్‌గారు లేరని అందరూ నమ్మే గ్రూపు కూడా ఒకటుంది. అందులో ఆయన వేరే పేరుతో ఉన్నారు. ఏ గ్రూపులో ఆయన ఏం పెట్టినా, పెట్టీ పెట్టగానే నోట్ చేసుకోవాలి. ఒకసారి ఆయన "మా అమ్మమ్మగారు ఈ ఉదయం పరమపదించారు" అని పెడితే, ఆఫీసు మొత్తం "నోటెడ్ సార్" అని బదులిచ్చింది. కాస్త ఆలస్యంగా నోట్ చేసుకున్నవాళ్ళని సోమవారం సమీక్షలో నిలబెట్టి, "ఏవండీ, బిజీయా?" అని అడిగారు. ఆ ఆఫీసులో సస్పెన్షన్‌కి భయపడనివాడున్నాడు గానీ "బిజీయా?" అన్న మాటకి భయపడనివాడు లేడు.

సాయంత్రమైతే సోమలింగం వేరే మనిషి. నాట్యకళా సమాజంలో హార్మోనిస్టు. పద్యనాటకానికి వాడే కాళ్ళ హార్మోనియం అతనిది. కాళ్ళతో తొక్కుతూ, రెండు చేతులా వాయించాలి. దాని ముందు కూర్చుంటే అతనికి ఆకలి తెలియదు, ఆఫీసు గుర్తురాదు, నడుంనొప్పి ఉండదు. పెళ్ళికి ముందునుంచీ ఆ స్టూలు అతనిదే. ఆ స్టూలు పోయిందంటే తన బతుకులో మిగిలేది బొటనవేలు ఒక్కటేనని అతనికి బాగా తెలుసు.

అలాంటిది, కిందటి నెల ఆత్రేయపాలెంలో ప్రదర్శన జరుగుతుండగా ఘోరం జరిగిపోయింది. రాజు వేషం కట్టిన బుల్లెబ్బాయి పద్యం చివర రాగం తీస్తూ పైస్థాయికి ఎక్కాడు. జనం ఊపిరి బిగపట్టారు. సరిగ్గా అప్పుడే సోమలింగం జేబులో ఫోను గుర్రుమంది. అతని కుడిచెయ్యి అతన్ని అడక్కుండానే లేచి, ఫోను తీసి, "నోటెడ్ సార్" కొట్టేసింది. హార్మోనియం మూగబోయింది. పైన వేలాడుతున్న బుల్లెబ్బాయి ఆధారం లేక, ఎక్కడో వేరే శ్రుతిలో వచ్చి దబ్బున పడ్డాడు. జనం ఈలలు వేశారు. ఇంతకీ ఆ ఉత్తర్వు వీధికుక్కల గురించి.

సమాజం నడిపేది ఆలమూరు వెంకటరత్నం. రాణి వేషాలు ఆవిడవే, జమాఖర్చులు ఆవిడవే, తిట్లు కూడా ఆవిడవే.

"ఏవయ్యా సోమలింగం, నీ వేళ్ళ మీద నాకు పిచ్చి నమ్మకం ఉండేది. మొన్న నా నెత్తిన చెప్పు పెట్టి కొట్టినట్టయింది. వచ్చే శనివారం టౌన్‌హాల్లో మన సొంతూళ్ళో నాటకం. కీబోర్డు వాయించే ఆయన్ని మాట్లాడి ఉంచాను. ముందువరసలో కూర్చుంటాడు. నీ చెయ్యి ఫోను మీదికి పోయిందా, ఆయన స్టేజీ ఎక్కుతాడు. నువ్వు దిగి ఇంటికెళ్ళి హాయిగా నోట్ చేసుకుంటా కూచో" అంది.

సోమలింగం తల దించుకున్నాడు. కీబోర్డు! తొక్కక్కర్లేదు, శ్రుతి చేసుకోనక్కర్లేదు, ప్లగ్గు పెడితే చాలు. తన తర్వాత ఆ స్టూలు మీద ప్లగ్గు కూర్చుంటుందా అని అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

దేవుడు మొర ఆలకించాడా అన్నట్టు, ఆ వారమే కమిషనర్ ఆనందవర్ధన్‌గారు ఏదో కొండమీద జరిగిన శిక్షణ శిబిరం ముగించుకుని వచ్చారు. ఆయన వయసులో సోమలింగం కంటే చిన్నవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఎక్కడికి శిక్షణకి వెళ్ళొచ్చినా ఆ జబ్బు అంటించుకునే వస్తారు. కిందటిసారి చేతులు కడుక్కోవడం నేర్చుకొచ్చి నెలరోజులు ఆఫీసంతటినీ నురగలో ముంచారు. ఈసారి సమావేశ మందిరంలో నిలబడి ఇలా సెలవిచ్చారు:

"డియర్ కొలీగ్స్! నిరంతరం మెసేజులకు అందుబాటులో ఉండాలనే ఒత్తిడి మన ఉద్యోగుల మానసిక వనరులను హరించివేస్తోంది. ఇది నేను చెప్పేది కాదు, శిబిరంలో స్లైడు మీద చూశాను. కావున నేటినుండి మన పురపాలక సంఘ పరిధిలో 'ప్రశాంత సాయంత్రం' పథకాన్ని మిషన్ మోడ్‌లో ప్రారంభిస్తున్నాం. సాయంత్రం ఆరు దాటిన పిమ్మట ఎవరూ ఫోను ముట్టనవసరం లేదు. ఎవరూ బదులు ఇవ్వనవసరం లేదు. ఆ సాయంత్రం మీది!"

చప్పట్లు మోగాయి. సోమలింగం చప్పట్లు కొట్టలేదు. కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే ఫోను ఆపేసి, బియ్యం డబ్బాలో పాతిపెట్టి, రిహార్సలుకి పరుగెత్తాడు. ఆరోజు అతను వాయించిన తీరుకి బుల్లెబ్బాయి పద్యం ఆపి, "ఏంటి మావా, ఇయ్యాల చేతులు కొత్తవి తగిలించుకొచ్చావా?" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి బల్లమీద మెమో ఉంది.

జరిగిందేమిటంటే, పథకం తాలూకు ఉత్తర్వు టైపయ్యేసరికి ఆరు దాటింది. "ఆరు దాటిన పిమ్మట ఎవరునూ గ్రూపునందు స్పందించరాదు" అని కమిషనర్‌గారు గ్రూపులో పెట్టారు. పెట్టిందే తడవుగా సిబ్బంది యావన్మందీ "నోటెడ్ సార్" అని స్పందించారు. ఉత్తర్వు అందిన విషయం తెలియజేసి ఉత్తర్వును ఉల్లంఘించినందుకు వాళ్ళందరికీ ఒక మెమో. ఉత్తర్వు అందిన విషయం తెలియజేయనందుకు సోమలింగానికి ఇంకో మెమో. ఆ రెండో రకం మెమో అందుకున్నవాడు ఆఫీసు మొత్తానికి అతనొక్కడే.

అతను కాగితం పట్టుకుని కమిషనర్‌గారి గదిలోకి వెళ్ళాడు.

"ఆరు దాటాక ఫోను ముట్టొద్దన్నారు కదా సార్. ముట్టలేదు."

"గుడ్. వెరీ గుడ్. మీరు నిన్న సాయంత్రం ప్రశాంతంగా ఉన్నారు, కాదనను" అన్నారు కమిషనర్‌గారు కణతలు నొక్కుకుంటూ. "కానీ సోమలింగంగారూ, ఆ సంగతి ఆఫీసుకి ఎలా తెలియాలి? రికార్డులో లేని ప్రశాంతతని నేను పైవాళ్ళకి ఏమని రిపోర్టు చెయ్యను?"

ఎవరికీ తెలియకపోతేనే గదా నాయనా ప్రశాంతత, అనుకున్నాడు సోమలింగం. పైకి మాత్రం, "నోటెడ్ సార్" అన్నాడు.

ఈ సంభాషణ వల్ల ఊరికి జరిగిన మేలేమిటంటే, కమిషనర్‌గారికి ఆలోచన వచ్చింది. మధ్యాహ్నానికల్లా మార్గదర్శకాలు వెలువడ్డాయి. "ప్రతి ఉద్యోగియూ సాయంత్రము ఆరునుండి తొమ్మిది వరకు అరగంటకొకసారి తాను ప్రశాంతముగా ఉన్నట్లు స్థలము, సమయము తెలియునట్టి ఫోటో అన్ని గ్రూపులయందును సమర్పించవలెను. ఫోటోనందు ఉద్యోగి ముఖము, ఆపివేయబడిన ఫోను స్పష్టముగా కనబడవలెను."

ఆపేసిన ఫోనుతో ఫోటో ఎలా తీస్తామయ్యా అని ఎవరూ అడగలేదు. అడిగితే "బిజీయా?" అంటారని భయం. ఆ సాయంత్రం నుంచి చింతలగరువులో మున్సిపల్ ఉద్యోగుల పెళ్ళాలకీ మొగుళ్ళకీ ఫోటోలు తీయడమే పనైపోయింది. సోమలింగం భార్య మంగతాయారు పొయ్యి మీద పులుసు పెట్టి, గరిటె ఒక చేత్తో, తన ఫోను ఒక చేత్తో పట్టుకుని భర్త ఎదురుగా నిలబడింది.

"కాస్త ప్రశాంతంగా చూడండి."

"చూస్తూనే ఉన్నానే."

"అది చూడటం కాదు, ఉరిమి చూడటం. మొహం విప్పండి."

అతను విప్పాడు. ఆవిడ తీసింది. ఆవిడ ఫోనుని కూడా గ్రూపులో చేర్చుకున్నారు గనక అందులోంచే పంపింది. కాసేపటికి జవాబొచ్చింది: "ముఖమునందు ప్రశాంతత ప్రస్ఫుటముగా లేదు. సవరించి తిరిగి సమర్పించవలెను."

"మన పెళ్ళి ఫోటోలో కూడా మీ మొహం ఇలాగే ఉందండీ. అప్పుడెవరూ వెనక్కి పంపలేదు" అంది మంగతాయారు. పులుసు మాడింది. ఆ వారం వాళ్ళింట్లో మాడనిది మజ్జిగ ఒక్కటే.

ఇలా తిరిగొచ్చే ముఖాలు ఎక్కువైపోవడంతో కమిషనర్‌గారు నమూనా ముఖం ఒకటి విడుదల చేశారు. అది ఆయన ముఖమే. కళ్ళు సగం మూసి, పెదాలు కొద్దిగా సాగదీసి ఉన్నారు. కళ్ళకింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. "పాపం, ఈయన పడుకుని ఎన్నాళ్ళయిందో" అంది మంగతాయారు ఆ ఫోటో చూసి. అయినా ఉత్తర్వు ఉత్తర్వే గనక, ఊళ్ళో ఉద్యోగులందరూ కళ్ళు సగం మూసి పెదాలు సాగదీయడం సాధన చేశారు.

ఈ మధ్యలో ఒక సాయంత్రం బస్టాండు దగ్గర నీళ్ళ పైపు పగిలింది. కుళాయిల గ్రూపులో ఎవరో సంగతి పెట్టారు. దానికింద వరసగా "నోటెడ్" లు పడ్డాయి. వాటికింద అరగంట తాలూకు ప్రశాంత ముఖాలు పడ్డాయి. అసలు సంగతి పైకిపోయి కనపడకుండా పోయింది. అసిస్టెంట్ ఇంజనీరుగారు మాత్రం పాపం బాధ్యత కలవాడు. పగిలిన పైపు దగ్గరికే వెళ్ళి, వెనకాల నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున ఎగుస్తుండగా, ముందు నిలబడి ప్రశాంతంగా ఫోటో దిగి పంపారు. "నేపథ్యము చాలా బాగున్నది. ఇతరులునూ అనుసరించవలెను" అని ప్రశంస వచ్చింది. మర్నాడు ఊరి సగానికి నీళ్ళు రాలేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆరు దాటాక దొంగచాటుగా ఫోనులో తిరిగేవాళ్ళున్నారని ఎవరో చెవిలో వేశారు. దాంతో 'ప్రశాంతత పర్యవేక్షణ విభాగం' పుట్టింది. ఎవరి పేరు కింద 'ఆన్‌లైన్' అని పడుతోందో చూసి పట్టుకోవడం దాని పని. చూసేవాడు ఆన్‌లైన్‌లో లేకుండా ఎలా చూస్తాడు? వాడి పేరు కిందా పడింది. వాణ్ణి పట్టుకోవడానికి ఇంకొకణ్ణి వేశారు. వాడూ దొరికాడు. గురువారానికల్లా ఆఫీసులో అందరూ పర్యవేక్షకులే అయిపోయారు, పర్యవేక్షించడానికి మనిషి మిగల్లేదు.

కమిషనర్‌గారు అత్యవసర సమావేశం పిలిచారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ప్రభుదాసు లేచి నిలబడ్డాడు. మనిషి సరదావాడు, కానీ ఆ సరదా ఎప్పుడూ పక్కవాడి మీదే.

"సార్, ఇంతమంది అడ్మిన్లు, ఇంతమంది పర్యవేక్షకులు ఉంటే గందరగోళమే సార్. అన్ని గ్రూపులకీ ఒక్కడే అడ్మిన్ ఉండాలి. ఆరు దాటాక ఖాళీగా కూచునే అలవాటున్నవాడు మనలో సోమలింగంగారొక్కరే. బియ్యం డబ్బా అనుభవం కూడా ఉంది."

"ఎక్సలెంట్!" అన్నారు కమిషనర్‌గారు. "సోమలింగంగారూ, మీరే ప్రశాంతతా నోడల్ అధికారి. నేనే ముందు ఆదర్శంగా నిలుస్తాను. ఈ క్షణమే అన్ని గ్రూపుల అడ్మిన్ హోదానుండి స్వచ్ఛందంగా తప్పుకుంటున్నాను." తప్పుకుంటున్న దృశ్యాన్ని ఫోటో తీయించి అన్ని గ్రూపుల్లో పెట్టించారు. మిగతా అధికారులూ తప్పుకున్నారు. అందరూ నోట్ చేసుకున్నారు.

సోమలింగం సమావేశం అయిపోయాక కమిషనర్‌గారి వెనకే గదిలోకి వెళ్ళాడు.

"సార్, శనివారం సాయంత్రం టౌన్‌హాల్లో మా నాటకం ఉంది. ఆ మూడు గంటలూ నాకు పర్మిషన్ ఇప్పించండి."

"సాయంత్రానికి పర్మిషన్ ఏమిటండీ?" అన్నారు కమిషనర్‌గారు నిజంగానే ఆశ్చర్యపోయి. "సాయంత్రం మీదేనని ఉత్తర్వు ఇచ్చేశానుగా! ఇచ్చేసిన దాన్ని మళ్ళీ ఎలా ఇవ్వను? నిబంధనలు ఒప్పుకోవు."

"అయితే వెళ్ళొచ్చా సార్?"

"అలా ఎలా వెళ్తారు? శనివారం మన 'మహా ప్రశాంత సాయంత్రం'. పై ఆఫీసు డైరెక్టర్‌గారు స్వయంగా మన గ్రూపులో చేరి చూస్తారు. రాష్ట్రస్థాయి ర్యాంకు ఆరోజే. ప్రతి నిమిషానికీ ఫోటోలు పడాలి. వాటిని సరిచూడాల్సింది మీరు. ఫోను చేతిలో ఉండాలి, మీ చెయ్యి ఫోను మీద ఉండాలి. దయచేసి ప్రశాంతంగా చెయ్యండి."

సోమలింగం ఇంటికొచ్చి అన్నం ముందు కూలబడ్డాడు. ముద్ద దిగలేదు.

"వెంకటరత్నంగారికి కబురు పెట్టెయ్యనా? కీబోర్డు ఆయన్నే కూర్చోబెట్టుకోమని చెప్పేస్తాను" అన్నాడు. ఇన్నేళ్ళలో తనకి ఏమన్నా బాగా చేతనయిందంటే అదొక్కటే, అదీ పోతోందని భార్య ముందు పైకే అనేశాడు.

మంగతాయారు తన ఫోను అవతల పెట్టి, అతని కంచంలో పెరుగు వేసింది. ఏదో గుర్తొచ్చినట్టు అంది:

"అన్ని గ్రూపులకీ మీరొక్కరే అడ్మినా?"

"ఆ, నా ఖర్మకి."

"మా చీరల గ్రూపులో ఇదే గోల ఉండేదండీ. రాజ్యలక్ష్మిగారు ఒక చీర పెడితే అందరూ బాగుంది బాగుంది అని గోల, ఏ చీరో కనపడేది కాదు. ఆవిడకి ఒళ్ళుమండి, 'అడ్మిన్ మాత్రమే మాట్లాడాలి' అని ఏదో నొక్కేసింది. అంతే. ఇప్పుడు ఆవిడ పెడుతుంది, మేం చూస్తాం. ఎవరికీ నోరు పెగలదు. చచ్చేంత హాయిగా ఉంది."

సోమలింగం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎక్కడ నొక్కాలే?"

"నాకేం తెలుసు? రాజ్యలక్ష్మిగారిని అడుగుతాను ఉండండి" అని ఆవిడ లేచింది.

శనివారం వచ్చింది. టౌన్‌హాలు నిండింది. ముందువరసలో కీబోర్డు ఆయన, ఒళ్ళో కీబోర్డు సంచీ పెట్టుకుని, జిప్పు సగం తీసి సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన పక్కన మంగతాయారు. తెర వెనక వెంకటరత్నం కిరీటం సర్దుకుంటూ, "ఏవయ్యా, ఫోను ఏది?" అని అడిగింది.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు సోమలింగం. ఆరు కావస్తోంది. అతను ఫోను తీసి, రాజ్యలక్ష్మిగారు చెప్పిన చోటల్లా వరసగా నొక్కుకుంటూ పోయాడు. కుక్కల గ్రూపు, దోమల గ్రూపు, కుళాయిల గ్రూపు, కమిషనర్‌గారు లేని గ్రూపు. చిట్టచివర డైరెక్టర్‌గారు చూస్తున్న ప్రశాంతత గ్రూపు. అన్నిటిలోనూ ఒకటే: అడ్మిన్ మాత్రమే మాట్లాడాలి. ఆ అడ్మిన్ ఫోను ఆపేసి, తెర పక్కనుంచి దిగి, మంగతాయారు ఒళ్ళో పడేసి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాళ్ళు తొక్కడం మొదలెట్టాయి.

అటు ఊళ్ళో ప్రళయం వచ్చింది. ఆరు కొట్టగానే అందరూ ముఖాలు విప్పి, కళ్ళు సగం మూసి, ఫోటోలు దిగి, పంపబోయారు. పోలేదు. మళ్ళీ నొక్కారు. పోలేదు. చేతులు జోడించిన బొమ్మ పోలేదు. జీవితంలో మొదటిసారి వాళ్ళకి నోట్ చేసుకోవడానికి వీల్లేకపోయింది. ప్రశాంతంగా ఉన్నామని చెప్పే దారి లేక జనాలకి కాళ్ళూచేతులూ ఆడలేదు. ఒకరింటికి ఒకరు పరుగులు. "మీది పోయిందా?" "లేదండీ బాబూ, మీది?" వీధి మలుపుల్లో గుమిగూడారు. గుమిగూడినవాళ్ళు ఏం చెయ్యాలో తోచక కబుర్లలో పడ్డారు. కబుర్లలో పడ్డవాళ్ళు టీకొట్టు దగ్గర చేరారు. అసిస్టెంట్ ఇంజనీరుగారు ఫోటో సంగతి మరిచిపోయి, ఊరికే నిలబడటం ఎందుకని వెళ్ళి పైపు బాగుచేయించారు.

కమిషనర్‌గారు సోమలింగానికి ఫోన్ చేశారు. ఆపేసి ఉంది. అతని భార్య నంబరుకి చేశారు. మంగతాయారు హాల్లోంచే చెయ్యి అడ్డంపెట్టుకుని మాట్లాడింది.

"ఆయన ప్రశాంతతలో ఉన్నారండీ."

"అమ్మా, నేను కమిషనర్ని! అర్జెంటు! ఒక్కసారి పిలవండి."

"ఆరు దాటాక ఫోను ముట్టుకోకూడదని కమిషనర్‌గారి ఉత్తర్వు బాబూ. చాలా స్ట్రిక్టు మనిషట ఆయన" అని పెట్టేసింది.

కమిషనర్‌గారు జీపు వేసుకుని టౌన్‌హాలుకి వచ్చిపడ్డారు. వెనకాల ప్రభుదాసు. అప్పటికి బుల్లెబ్బాయి రాజు కిరీటంతో వెలిగిపోతూ, ఆత్రేయపాలెంలో పడిన పద్యమే ఎత్తుకున్నాడు. కమిషనర్‌గారు స్టేజీ అంచుకి వచ్చి, గొంతు తగ్గించి, "సోమలింగంగారూ! గ్రూపు తెరవండి!" అన్నారు.

ఇన్నాళ్ళ అలవాటు గనక సోమలింగం కుడిచెయ్యి లేవబోయింది. ముందువరసలో కీబోర్డు ఆయన జిప్పు ఇంకాస్త లాగాడు. స్టేజీ మీద రాణి కిరీటం కిందనుంచి వెంకటరత్నం కళ్ళు సోమలింగం వేళ్ళ మీదే ఉన్నాయి. బుల్లెబ్బాయి రాగం తీస్తూ పైకెక్కుతున్నాడు. చెయ్యి లేవలేదు. హార్మోనియం మెట్ల మీదే ఉండిపోయింది. సోమలింగం గడ్డంతోనే తన చేతులూ కాళ్ళూ చూపించి, ఏదీ ఖాళీ లేదు సార్ అన్నట్టు తలూపాడు. బుల్లెబ్బాయి పైస్థాయిలో నిలబడ్డాడు. హార్మోనియం అతన్ని రెండు చేతులా పట్టుకుని నిలబెట్టింది. పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని తిప్పినట్టు ఆ గాలిలోనే తిప్పి తిప్పి, మెల్లగా తెచ్చి నేలమీద దించింది.

"వన్స్ మోర్!" అని హాలు దద్దరిల్లింది.

"కూచోండి సార్, కూచోండి. వెనకాల కనపడటం లేదు" అన్నారెవరో. పద్యం అయిపోతే తెరుస్తాడులే అని కమిషనర్‌గారు మంగతాయారు పక్కన ఖాళీ కుర్చీలో కూలబడ్డారు. పద్యం మళ్ళీ మొదలైంది. అయిపోయింది. మళ్ళీ "వన్స్ మోర్!" ఈసారి అరిచినవాళ్ళలో ప్రభుదాసు కూడా ఉన్నాడు.

ఫోను చూసుకుందామంటే అందులో ఏమీ రావడం లేదు. ఏం చెయ్యాలో తోచక కమిషనర్‌గారు పద్యం వినడం మొదలెట్టారు. కాసేపటికి తల ఒక పక్కకి వాలింది. ఇంకాసేపటికి నోరు కొద్దిగా తెరుచుకుంది. చేతిలో ఫోను జారి ఒళ్ళో పడింది. అరగంట కావడం చూసి మంగతాయారు, చేతులు ఊరుకోక, తన ఫోను తీసి ఒక ఫోటో తీసింది. నాటకం అయ్యేదాకా అరగంటకొకటి తీస్తూనే ఉంది.

తెర పడ్డాక వెంకటరత్నం కిరీటంతోనే వచ్చి సోమలింగం ముందు నిలబడింది. చేతులు పట్టుకుని చూసింది. "ఈ చేతులు నా సమాజానివయ్యా. ఇంకెవడికీ ఇవ్వను" అంది. కీబోర్డు ఆయన జిప్పు పూర్తిగా మూసేసి, లేచి వచ్చి, "నేనూ ముందు కాళ్ళ హార్మోనియమే నేర్చుకున్నానండీ" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. సోమలింగం ఆ రాత్రి మాడిన కూర కూడా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

సోమవారం ర్యాంకులొచ్చాయి. సాయంత్రమంతా వేలకొద్దీ ప్రశాంత సందేశాలతో హోరెత్తించిన పక్క పట్టణానికి ప్రథమ స్థానం. ఒక్క సందేశమైనా రాని చింతలగరువులో ప్రశాంతత అసలు లేదని నిర్ధారించి, చిట్టచివరి స్థానం ఇచ్చారు. డైరెక్టర్‌గారినుంచి కమిషనర్‌గారికి మెమో వచ్చింది. కమిషనర్‌గారినుంచి సోమలింగానికి మెమో వెళ్ళింది. గ్రూపులింకా మూసే ఉన్నాయి గనక దాన్ని మనిషి మోసుకుని తెచ్చి ఇచ్చాడు. "ఎట్టి ఆధారములు లేకుండా శనివారము సాయంత్రము పట్టణము మొత్తమును ప్రశాంతముగా ఉంచినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో వివరణ ఇవ్వవలెను."

సోమలింగం వివరణ ఏమీ రాయలేదు. మంగతాయారు ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళాడు.

"ఆధారం ఉంది సార్" అని చూపించాడు.

కమిషనర్‌గారు చూశారు. టౌన్‌హాలు కుర్చీలో, తల వాల్చి, నోరు తెరిచి, చంటిపిల్లాడిలా తాను. స్థలం, సమయం కింద స్పష్టంగా పడ్డాయి. ఒళ్ళో ఫోను, దాని తెర నల్లగా. మార్గదర్శకాల్లో ఏ ఒక్కటీ తప్పలేదు. ఆయన ఆ ఫోటోని దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"నా మొహం ఇలా ఉంటుందా?" అన్నారు నెమ్మదిగా.

"నిద్రపోతే ఎవరి మొహమైనా అలాగే ఉంటుంది సార్."

"దీన్ని మా ఆవిడకి పంపుతారా? నాకు నిద్రపట్టిందంటే నమ్మటం లేదు. ఈ ఊరొచ్చాక నేను పడుకోవడం తను చూడలేదు." వెంటనే సర్దుకుని, కమిషనర్‌లా కూర్చున్నారు. "అది వేరే సంగతి. మెమో మెమోనే. ఫైల్లో ఉంటుంది. గ్రూపులన్నీ వెంటనే పునరుద్ధరించవలసి ఉంది."

"నోటెడ్ సార్. ఇప్పుడే తెరిచేస్తాను" అని సోమలింగం ఫోను తీసి, బొటనవేలు పైకెత్తాడు.

కమిషనర్‌గారు బల్లమీద ఉన్న తన ఫోను వంక చూశారు. పొద్దుటినుంచీ అది ఒక్కసారైనా గుర్రుమనలేదు. జోకొట్టగా కొట్టగా అప్పుడే కన్నంటుకున్న బిడ్డని చూసినట్టు చూసి, చటుక్కున చెయ్యి చాచి సోమలింగం వేలు పట్టుకున్నారు. తలుపు వేసుందో లేదో చూసుకున్నారు. తర్వాత గొంతు బాగా తగ్గించి అన్నారు:

"వన్స్ మోర్."